చేతి మీది నంబరు

చిక్కపేట, బెంగళూరు
ఆషాఢం, బుధవారం

పాపక్కకు,

అలివేలు రాసేది. ఒకే ఊళ్ళో ఆ చివర చందాపురలో నువ్వు, ఈ చివర నేను. ఫోన్ చేతిలో పెట్టుకుని ఉత్తరం రాసిందేమిటా అనుకుంటావు. ఇది ఫోన్‌లో మాట్లాడే సంగతి కాదక్కా. ఫోన్ మీద వచ్చిన భయాన్ని ఫోన్‌కే చెప్పుకుంటే ఎట్లా? నవ్వకుండా చదువు. చదివాక చించి పారెయ్యి.

మారతహళ్ళి నుంచి వర్షిణి అనే పిల్ల చీరలకు కుచ్చులు వేయించుకోవడానికి నా దగ్గరికి వస్తుందని చెప్పాను కదా. గుంటూరు వైపు పిల్ల, కంప్యూటర్ ఆఫీసులో పని. మొన్న వచ్చి కూర్చుంది. నేను పైట దారాలు ముడులు వేస్తుంటే తను ఫోన్ చూసుకుంటూ, "ఆంటీ, ఇకమీదట మెసేజ్ యాప్‌లు వాడాలంటే నంబరు మన పేరు మీదే ఉండాలంట. అప్పుడప్పుడు ఫోన్‌కి మొహం చూపించి ప్రూవ్ చేసుకోవాలంట. మ్యాచ్ అవకపోతే అకౌంట్ క్లోజ్, నంబర్ కూడా బ్లాక్" అంది.

నా చేతిలో సూది ఆగిపోయింది.

"కంగారు పడకండి, ఇంకా డ్రాఫ్టే. అంటే చిత్తు ప్రతి. ఇంటర్నెట్‌కి రూల్స్ పెట్టేముందు పబ్లిక్ ఏమంటారో అడుగుతారు. నెల టైమ్ ఇచ్చారు. ఎవరైనా చెప్పొచ్చు."

"ఎవరైనా అంటే ఎవురు పాపా?"

"ఎవరైనా. మీరు కూడా."

నా నంబరు ఎవరి పేరు మీద ఉందో నీకు తెలుసు. షావుకారు వెంకటరాయప్ప అంగట్లో నువ్వూ నేనూ చీరలు మడతలు పెట్టే రోజుల్లో, ఆయన బోలెడు సిమ్ములు ఒక్కసారిగా తన పేరుతో తీసుకున్నాడు. ఆయుధపూజ నాడు వాటికి పసుపు కుంకుమ పెట్టి, మిఠాయి పొట్లంతో పాటు పనివాళ్ళకు ఒక్కొక్కటి పంచాడు. మనం మిఠాయి తిన్నాము, సిమ్ము వేసుకున్నాము. ఎవరి పేరు మీద అని ఎవరడిగారు? ఆయన పోయి ఎన్నేళ్ళయిందో. నేనింకా పోయిన మనిషి పేరు మీద మాట్లాడుతూనే ఉన్నాను.

వేరే నంబరు తీసుకోరాదా అని నువ్వు అనవు. మోహన చెయ్యి పట్టుకుని కూర్చున్నదే నువ్వు. మా తమ్ముడికి బుద్ధి నిలకడగా ఉన్నన్నాళ్ళు ఇంట్లో ఉంటాడు, ఉన్నట్టుండి చెప్పులు కూడా లేకుండా నడిచిపోతాడు. ఎవరడిగినా పేరు చెప్పడు. అందుకని జాతరలో వాడి ఎడమ చేతి మీద, మోచేతికి దిగువన, నా నంబరు పచ్చబొట్టు పొడిపించాము. వాడు ఏడవలేదు, నేను ఏడ్చాను. అప్పటినుంచి వాడు ఎక్కడ పడిపోయినా ఎవరో ఒకరు ఆ చెయ్యి చూస్తారు. ఫోటో తీసి పంపుతారు, ఈయన మీవాడేనా అని. ఒకసారి తుమకూరు నుంచి, ఒకసారి కుప్పం స్టేషను నుంచి అట్లాగే తెచ్చుకున్నాను.

ఈసారి వాడు పోయి రెండు నెలలు దాటింది. ఇంతకాలం ఎప్పుడూ కాలేదు. ఇప్పుడు ఆ నంబరు ఆపేశారంటే వాడి చేతి మీద ఉన్నది ఉత్త గీతలు. వాడు ఎక్కడున్నా ఎవరికీ ఏమీ కాకుండా పోతాడు.

నేనేం చెయ్యాలక్కా? ఊరుకుంటే నంబరు పోతుంది. నోరు తెరిస్తే నేనే దొరికిపోతాను.

అలివేలు

*

చందాపుర
ఆషాఢ అమావాస్య ముందు

అలివేలుకు,

నీ ఉత్తరం వచ్చింది. పోస్టుమాను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమమ్మా, చానా దినాలకు మనిషి రాసిన ఉత్తరం తెచ్చినా, బ్యాంకోళ్ళది కాదు" అన్నాడు. నీ పుణ్యమా అని వీధిలో నాకు గౌరవం పెరిగింది.

చించి పారెయ్యమన్నావు. చించలేదు. నీ భయాలన్నీ దాచి పెడుతున్నా, ముసలితనంలో చదువుకుని నవ్వుకోవడానికి. ఇప్పుడే ముసలివాళ్ళం కదా అంటావేమో. ఇంకా ముసలితనంలో.

ఏమే, గవర్నమెంటు వాళ్ళకు వేరే పని లేదా? ఇంత పెద్ద దేశంలో చిక్కపేట గల్లీలో కుచ్చులు కట్టుకునే అలివేలు ఎవరి సిమ్ము వాడుతున్నదని వెతుక్కుంటూ వస్తారా? వాళ్ళు నీ మెట్లెక్కి రావాలంటే ముందు మోకాళ్ళు బాగుండాలి. గ్యాసు సబ్సిడీ ఆపేస్తారని ఏడ్చావు, ఆపారా? ఓటు పోయిందని ఏడ్చావు, తీరా వెళ్తే పేరుంది. నీకు భయం లేకపోతే కూడా భయమే, ఏదో మర్చిపోయానని.

చేతన్‌తో చెప్పాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చి భోంచేస్తూ, "అమ్మా, పోయినాయన కొడుకులుండారు గదా. వాళ్ళు సంతకం పెడితే నంబరు ఆయమ్మ పేరుకు మారస్తారు. సుమ్మనే, ఊరికే ఎందుకు బేజారు" అన్నాడు. పో, వెళ్ళి అడుగు. పిల్లలప్పుడు ఇద్దరినీ చీరల మూటల మీద పడుకోబెట్టి జో కొట్టినదానివి.

ఇంకో మాట. ఆ పిల్ల చెప్పిన అభిప్రాయం సంగతి. మనల్ని ఎవరూ ఏదీ అడగరు. పెళ్ళికి అడగలేదు, ఇల్లు మారేటప్పుడు అడగలేదు. మొదటిసారి అడిగారంటే చెప్పు మరి. చెప్పకుండా కూర్చుని, తర్వాత నా ప్రాణం తినొద్దు.

మోహన వస్తాడు. కాళ్ళు అరిగితే వాడే కూర్చుంటాడు, ఎవరో చూస్తారు.

పాపక్క

*

చిక్కపేట
శ్రావణం, రెండో శుక్రవారం అయ్యాక

పాపక్కకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. చేసినందుకు ఇప్పుడు అనుభవిస్తున్నాను.

ముందు షావుకారు పెద్ద కొడుకు దగ్గరికి వెళ్ళాను. అంగట్లో శ్రావణం గిరాకీ, నిలబడే చోటు లేదు. సంగతి చెప్పేసరికి వాడి మొహం మారిపోయింది. పక్కకు పిలిచి, "ఏమత్తా, మా నాయన పేరు మీద ఇన్నేండ్లు మాట్లాడతాండావా? ఆ నంబరుతో ఎవురేం చేసినా మా మెడకు చుట్టుకుంటాది గదా. నాకు తెలీదని రాసిచ్చేస్తా. పోలీసులొస్తే కాజేసింది అని చెప్తా" అన్నాడు. పసిబిడ్డప్పుడు నా ఒడిలో ఉచ్చ పోసినవాడు, అక్కా.

చిన్నవాడు అంత మాట అనలేదు. "మా అన్న పెట్టిన కాయితం మీద నేను సంతకం పెట్టనత్తా, దావా నడస్తా ఉండాది" అన్నాడు. పేరు మారాలంటే ఇద్దరూ పెట్టాలట.

తిరిగి వచ్చేసరికి వర్షిణి కూర్చుని ఉంది. నా మొహం చూసి, "మీ అభిప్రాయం పంపిద్దాం ఆంటీ, రెండు నిమిషాల పని" అని నా ఫోన్ తీసుకుంది. నేను వద్దనలేదు. కొడుకులు పొమ్మన్నాక ఆ ఒక్క దారే కనబడింది. ఏదో పేజీ తెరిచి నా నంబరు కొట్టింది. ఓటీపీ వచ్చింది, అదీ కొట్టింది. ఫోన్ నా నోటి దగ్గర పెట్టి, "తెలుగులోనే చెప్పండి, అదే రాసుకుంటుంది" అంది. నేను ఎవరో పెద్దమనిషి ఎదురుగా ఉన్నట్టు కొంగు భుజం మీదికి లాక్కుని చెప్పాను. ఈ నంబరు ఆపొద్దు, మా తమ్ముడి చేతి మీద పొడిపించినాము, ఇది ఆగిపోతే వాడు దొరకడు. అంతే. వర్షిణి మీట నొక్కింది. నొక్కి, ఫోన్ దగ్గరికి తెచ్చుకుని చదివింది.

"ఆంటీ, వెంకటరాయప్ప ఎవరు?"

అక్కా, ఆ తెర మీద రాసి ఉంది. "ధన్యవాదాలు, వెంకటరాయప్ప గారూ. మీ అభిప్రాయం నమోదైంది." నంబరును బట్టి పేరు అదే తెచ్చుకుందట. షావుకారు బతికుండగా ఒక్క మాట ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పోయిన తర్వాత గవర్నమెంటుకు సలహా ఇచ్చాడు. నువ్వు నవ్వుతావని తెలుసు. నాకు ఆ రోజు అన్నం దిగలేదు. వెనక్కి తీసుకోవడం కుదరదట. పైగా ఎవరేం రాశారో అందరూ చూసేటట్టు పేర్లతో పెడతారట.

అంతటితో అయిందా? నిన్న పొద్దున ఫోన్ మోగింది. మోహన కబురేమోనని పొయ్యి మీద పాలు వదిలేసి ఎత్తాను. ఆడమనిషి గొంతు.

"వెంకటరాయప్ప సర్ ఉండారా?"

"లేరు."

"ఎప్పుడొస్తారమ్మా?"

ఏం చెప్పను? "రారు" అన్నాను.

"మీరు ఆయనకు ఏమవుతారు?"

పెట్టేశాను. మళ్ళీ మోగింది. మళ్ళీ మోగింది. ఇంకేముంది, పోలీసులే. పెద్దవాడు అన్నంత పనీ చేశాడు. ఫోన్ ఆపేసి, బియ్యం డబ్బాలో అడుగున పెట్టాను. అప్పటినుంచి మెట్ల మీద ఎవరి అడుగు వినపడినా లేచి నిలబడుతున్నాను.

నువ్వైనా త్వరగా రాయి.

అలివేలు

*

చందాపుర
అందిన రోజే

అలివేలూ,

ఈ ఉత్తరం చేతికి రాగానే, పూర్తిగా చదవడానికి ముందే, లేచి వెళ్ళి బియ్యం డబ్బాలోంచి ఫోన్ తియ్యి. తీసి ఆన్ చెయ్యి. చేశాక మిగతాది చదువు.

చేశావా?

ఇప్పుడు తిడతాను. నీ నంబరు వాళ్ళు ఆపుతారని కదా ఈ గొడవంతా? వాళ్ళింకా ఆపలేదు. నువ్వే ఆపేశావు. నాలుగు రోజులుగా చేస్తున్నాను, స్విచ్ ఆఫ్, స్విచ్ ఆఫ్. ఈ నాలుగు రోజుల్లో ఏ తల్లి కన్న బిడ్డో మోహన చెయ్యి చూసి, ఆ అంకెలు ఒత్తి, ఎవరూ లేరులే అనుకుని పోయి ఉంటే? పోలీసులు వస్తే తలుపు కొడతారే. ఫోన్ చేసి సర్ ఉండారా అని మర్యాదగా అడుగుతారా?

ఈ ముక్క రెండుసార్లు కొట్టేసి రాశాను. కోపమే. కోపమో ఏమో.

దీని కింద రాసిన నంబరు నాది, కొత్తది. పాతదానికి చెయ్యొద్దు.

పాపక్క

*

చిక్కపేట
వినాయక చవితి మరునాడు

పాపక్కకు,

తిట్టు. నువ్వు తిట్టింది చాలదు.

ఫోన్ ఆన్ చేశాను. వర్షిణివి, ఆ రోజు ఫోన్ చేసిన ఆడమనిషివి మెసేజ్‌లు వరసగా పడ్డాయి. వాటి మధ్య ముక్కూ మొహం తెలియని నంబరు నుంచి ఒకే ఒక్క మిస్డ్ కాల్. ఫోన్ డబ్బాలో ఉన్న రెండో రోజుది. తిరిగి చేస్తే మోగి మోగి ఆగిపోతుంది. వర్షిణి చేసినా అంతే. ఎవరో నంబరు తప్పు ఒత్తి ఉండొచ్చంటుంది. ఉండొచ్చు. కాకపోయి కూడా ఉండొచ్చు. అక్కా, ఆ ఒక్క కాల్ నన్ను కూర్చోనివ్వడం లేదు. అన్నం కలుపుతూ అదే, దారం ఎక్కిస్తూ అదే. ఇప్పుడు స్నానానికి వెళ్ళినా ఫోన్ కవర్లో చుట్టి కిటికీలో పెట్టుకుంటున్నాను.

ఫోన్ చేసింది పోలీసులు కాదు. పేరు సుశీల. ఆ రూల్స్ రాసే ఆఫీసు తరఫున జనం మాటలు పోగుచేసే మనిషి. వర్షిణి ఆమెతో మాట్లాడి ఉన్నదున్నట్టు చెప్పేసింది, వెంకటరాయప్ప గారు లేరు, మాట్లాడింది మా ఆంటీ అని. ఇంకేముంది, పట్టుకుంటారనుకున్నాను. సుశీల మాత్రం, "చేతి మీద నంబరన్న మాట ఎవరూ రాయలేదు, ఆవిడ వచ్చి నోటితో చెప్తే బాగుంటుంది" అందట. కబ్బన్ పార్కు దగ్గర ఒక హాల్లో మీటింగు. ఇంటర్నెట్ రూల్స్ రాసేవాళ్ళు పైన కూర్చుంటారు, జనం లేచి చెప్పొచ్చు. ఆ పై శనివారం.

వెళ్ళకపోతే షావుకారు పేరు మీద ఆ ముక్కే మిగులుతుంది, దాన్ని దొంగమాట అని కొట్టేస్తారు. వెళ్తే నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. వర్షిణికి ఆ రోజు ఆఫీసు. నువ్వు రా అక్కా. నా పక్కన ఊరికే నిలబడు చాలు. నువ్వుంటే నాకు మాట వస్తుంది.

నీ నంబరెందుకు మారింది? చెప్పలేదు.

అలివేలు

*

చందాపుర
ఆ శనివారమే, ఇంటికి రాగానే

అలివేలూ, ఎక్కడున్నావే?

మీటింగు అయ్యి బయటికి వచ్చి చూస్తే నువ్వు లేవు. గేటు దగ్గర లేవు, చెట్ల కింద లేవు. కాపలావాణ్ణి అడిగితే, "ఆ అజ్జీనా, ఫోనులో అరుచుకుంటూ పరిగెత్తింది" అన్నాడు. నీకు ఫోన్ చేస్తే ఎవరో మగమనిషి ఎత్తి అరవంలో ఏదో అడిగాడు. భయపడి పెట్టేశాను. మళ్ళీ చేసే ధైర్యం లేదు. ఉత్తరమైతే నీ ఇంటికే పోతుంది, నువ్వే తెరుస్తావు, అందుకని రాస్తున్నా.

ఫోన్లు బయట డబ్బాలో పెట్టి లోపలికి రావాలని హాలు వాకిట్లో పేర్లు చూసే పిల్ల అన్నప్పుడు నీ మొహం చూశాను. "నేను ఇయ్యను పాపా, ఇది నా చేతిలోనే ఉండాల" అని నువ్వంటావు, "రూల్ ఆంటీ" అని అది అంటుంది. వెనక లైను తోసుకొస్తోంది. అందుకే నీ పేరు రాసిన అట్టముక్క లాక్కుని నేను మెడలో వేసుకున్నాను. చిన్న కెమెరాతో ఫోటో తీశారు. అప్పుడు కూడా నాకు భయం తెలియలేదు. లోపల కుర్చీలో కూర్చున్నాక తెలిసింది. ఏసీ గాలికి కాళ్ళు మంచయిపోయాయి. అందరూ ఇంగ్లీషే. కంపెనీల వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చీటీ చూడకుండా మాట్లాడుతున్నారు. ఒకాయన అన్నాడు, తన పేరు మీద లేని నంబరు వాడేవాళ్ళంతా మోసగాళ్ళు, ముసలివాళ్ళకు పోలీసులమని ఫోన్లు చేసి దోచేది వీళ్ళే అని. సుశీల నా చెవిలో తెలుగు చేసి చెప్పింది. అది అబద్ధం కాదే. మా పక్కింటి వరూధినమ్మను అట్లాగే రెండు రోజులు గదిలో కూర్చోబెట్టి ఉన్నదంతా ఊడ్చేశారు. నేను ఆమెను చూశాను.

అలివేలు గారూ అని పిలిస్తే లేవలేదు. మళ్ళీ పిలిచారు. అప్పుడు గుర్తొచ్చింది, నేనే.

"సార్, నా పేరు అలివేలు. ఆయప్ప చెప్పింది నిజమే. దొంగ ఫోన్లు ఉండాయి, మా పక్కింటామె మునిగిపోయింది. వాళ్ళను పట్టుకోండి, మేమూ దండం పెడతాము. అయితే మా తమ్మునికి బుద్ధి లేదు. చేతి మీద నంబరు పొడిపించినాము. నంబరు మీరు మారుస్తారు, చెయ్యి ఎట్ల మార్చేది సార్?"

సుశీల ఇంగ్లీషులో చెప్పింది. పైన కూర్చున్న తెల్ల చొక్కా ఆయన మెల్లగా అడిగాడు, ఆ నంబరు ఎవరి పేరు మీద ఉంది అని. నేను, "మా షావుకారు పేరు మీద. ఆయన చచ్చిపోయినాడు" అన్నాను. హాలంతా నవ్వింది. పేరు మార్చుకోవచ్చు కదా అన్నాడు. "కొడుకులు కొట్లాడుకుంటాండారు. వాళ్ళు కలిసేది లేదు, ఇది మారేది లేదు" అన్నాను. ఈసారి నవ్వలేదు. మీలాంటి వాళ్ళు ఎంతమంది ఉంటారు అని అడిగాడు. అప్పుడు నా నోరు ఆగలేదే. "మా వీధి అంతా సార్. అంగట్లో పని చేసినోళ్ళందరికీ షావుకారు ఇచ్చిన సిమ్ములే" అన్నాను.

ఆయన రాసుకున్నాడు. ఆ పెన్ను కదలడం చూశాక గాని నాకు తట్టలేదు. ఏం చేశాను నేను? వీధి వీధినంతా పట్టిచ్చేశాను. అదీ నీ పేరుతో.

నా నంబరెందుకు మారిందని అడిగావు కదా. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే నా సిమ్ము తీసి, కత్తెరతో రెండు ముక్కలు చేసి, మోరీలో పడేశాను. చేతన్ పేరు మీద కొత్తది తీసుకున్నాను. ఆ తర్వాతే నీకు నవ్వుతూ జవాబు రాశాను. నా చేతి మీద ఎవరి ప్రాణమూ లేదు, నేను తప్పించుకోగలిగాను. నువ్వు తప్పించుకోలేవని తెలిసీ వెళ్ళు, చెప్పు అని తోశాను.

ఎక్కడున్నావో ఒక్క ముక్క రాయి. వాళ్ళు నిన్ను తీసుకుపోయి ఉంటే చేతన్‌ను వెంటబెట్టుకుని వచ్చి, ఆ ఫోటోలో ఉన్నది నేనని చెప్తాను.

పాపక్క

*

చిక్కపేట
మహాలయ అమావాస్య దగ్గర

పాపక్కకు,

మోహన దొరికాడు. ముందు అది రాశాను. ఇప్పుడు కూర్చుని చదువు.

నువ్వు లోపలికి వెళ్ళాక గేటు పక్కన కూర్చున్నాను. లోపల నా పేరు పిలుస్తారేమో, నువ్వేం చెప్తావో అని దడ. ఫోన్ మోగింది. కొత్త నంబరు. ఎత్తాలంటే భయం, ఎత్తకపోతే భయం. ఎత్తాను. ఒక నర్సు. సగం అరవం, సగం తెలుగు. "ఈ నంబర్ యారుది అమ్మా? ఒక పేషంట్ కై మీద ఉంది" అంది. కై అంటే చెయ్యి. హొసూరు ఆస్పత్రి.

ఎట్లా పరిగెత్తానో తెలియదు. బస్సు మీ చందాపుర మీదుగానే పోయింది. నీ వీధి మలుపు కనబడింది, నువ్వింకా హాల్లోనే ఉంటావని గుర్తొచ్చి ఏడ్చాను. పక్క సీటామె, ఎవరన్నా పోయారా అని అడిగింది. లేదమ్మా, దొరికారు అన్నాను. ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

ఎవరో బండి తగిలించి పోయారట. రోడ్డు పక్కన పడి ఉంటే ఎవరో తెచ్చి చేర్పించారు. ఎడమ చెయ్యి విరిగింది. మోచేతి పైనుంచి వేళ్ళ దాకా కట్టు. చేర్చినప్పుడు నెత్తురులో ఎవరికీ కనబడలేదట, నంబరు ఆ కట్టు లోపల. వీడు పేరు చెప్పడు. ఆ మంచం మీద పేరు లేని మనిషిగా ఇన్నాళ్ళూ పడి ఉన్నాడు. శనివారం పొద్దున కట్టు కోసి, తడి దూదితో తుడుస్తుంటే అంకెలు బయటపడ్డాయి. ఆ నర్సు చెయ్యి కడుక్కోకుండానే ఫోన్ చేసిందట. అప్పటికే వాడిని వేరే ఊరి ఆశ్రమానికి పంపే బండి కూడా వాకిట్లో వచ్చి ఉంది. ఆ ఫోన్ నేను డబ్బాలో పెట్టి లోపలికి వచ్చి ఉంటే ఏమయ్యేదో, నువ్వే అనుకో. నేను అనుకోలేను.

నన్ను చూసి వాడు గుర్తుపట్టినట్టు తల ఊపాడు. చెయ్యి సన్నబడిపోయింది, తోలు పొలుసులు పొలుసులుగా లేస్తోంది. అంకెలు మాత్రం ఉన్నాయి. ఒక్కొక్కటీ తడిమి చూశాను. నువ్వు ఫోన్ చేసినప్పుడు ఎత్తింది వార్డు అబ్బాయి. ఛార్జింగ్‌కు ఇచ్చాను. మిస్డ్ కాల్ వాళ్ళది కాదట. అది ఎవరిదో ఇప్పటికీ తెలియదు.

వీధి సంగతి. నీ ఉత్తరం చదివి రెండు రోజులు తలుపు తీయలేదు. తర్వాత దాచలేక పక్కింటి పద్మావతికి చెప్పాను. ఆమెదీ షావుకారు సిమ్మే. మొహం గంటు పెట్టుకుని, "నీ తమ్ముడు దొరికినాడు, మా నంబర్లు పొయ్యేటట్టు చేస్తివి" అంది. ఇప్పటిదాకా మళ్ళీ మాట్లాడలేదు. ముగ్గు వేసేటప్పుడు కూడా అటు తిరిగి వేస్తోంది. ఆమెను తప్పు పట్టలేను. ఆమె కూతురు ఎక్కడో ఉద్యోగంలో ఉంది, రోజూ ఆ నంబరుకే చేస్తుంది.

నిన్ను కూడా తప్పు పట్టను. నువ్వు నవ్వుతూ రాయకపోయి ఉంటే నేను మెట్లు దిగేదాన్నే కాదు. సిమ్ము మోరీలో వేసినదానివి, నా పేరు మెడలో వేసుకుని అంతమంది ముందుకు ఎట్లా నడిచావో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. కానీ అక్కా, మనం చేసిన పని చూడు. మొదట నా మాట పోయిన మనిషి పేరు మీద పోయింది. తర్వాత నా పేరు మీద నీ మొహం పోయింది. మొహానికీ పేరుకీ పొత్తు కుదరాలని రూలు పెడుతున్న వాళ్ళ దగ్గర, నా పేరు తీస్తే నీ ముక్కుపుడక కనబడుతుంది. రేపు నేనే వెళ్ళినా నువ్వు అలివేలువు కాదు పొమ్మంటారు.

వర్షిణి చెప్పింది, గడువు ఇంకొన్నాళ్ళు పెంచారట, పోస్టులో రాసినా తీసుకుంటారట. ఎవరి పేరూ అరువు తీసుకోకుండా నేనే రాశాను. నాలుగుసార్లు రాసి చించాను. నాలుగో తరగతి రాత, తప్పులుంటే ఉండనీ. దీనితో పాటు పెడుతున్నాను, కవరు అంటించలేదు. నువ్వు చదివి, నీ చేత్తో పోస్టు చెయ్యి. నేను డబ్బా దాకా వెళ్తే మళ్ళీ వెనక్కి తెచ్చుకుంటాను.

మోహన పక్కన కూర్చుని కుచ్చుల దారం చుడుతున్నాడు. నీ పేరు చెప్తే నవ్వాడు.

అలివేలు

*

చిక్కపేట, బెంగళూరు

ఇంటర్నెట్ రూల్స్ రాసే ఆఫీసు వారికి,

అయ్యా, అమ్మా,

నా పేరు అలివేలు. వెంకటరాయప్ప పేరుతో వచ్చిన మాట నాది. ఆయన లేరు. హాల్లో నా పేరుతో మాట్లాడినామె నా స్నేహితురాలు. నేను ఫోన్ విడిచిపెట్టి లోపలికి రాలేక బయట ఉండిపోతే, నా కోసం వచ్చింది. ఆమె చెప్పినదంతా నా మాటే. ఆమెను ఏమీ అనొద్దు.

మా వీధిలో ఇంకెవరెవరి నంబర్లు ఇట్లా ఉన్నాయని నన్ను అడగొద్దు. నేను చెప్పను. వాళ్ళెవరూ దొంగలు కారు. పండగ నాడు ఇస్తే తీసుకున్నారు.

నంబరు నా పేరుకు మార్చుకోవాలనే నాకూ ఉంది. ఆ కొడుకులు కలిసే దాకా ఆగకుండా మారే దారి ఏదైనా పెట్టండి. మొహం చూపించమంటే చూపిస్తాను. మీరు వచ్చి చూసినా సరే, ఇంట్లోనే ఉంటాను. మళ్ళీ మీటింగు పెడితే ఫోన్ చేతిలో ఉంచుకోనిస్తే నేనే వస్తాను. మోగకుండా పెట్టుకుంటాను. వణికితే తెలుస్తుంది.

ఇది రాసినందుకు నాకు ఏమవుతుందో తెలియదు. భయంగా ఉంది. అయినా ఇంటి నంబరు, వీధి పేరు కింద సరిగ్గా రాశాను.

మా తమ్ముడు ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు. మళ్ళీ ఎప్పుడు నడిచిపోతాడో వాడికే తెలియదు. అందుకని ఒకటే అడుగుతున్నాను. ఏ నంబరు ఆపేముందైనా, ఒక్కసారి ఆ నంబరుకు ఫోన్ చేసి చూడండి.

నేను ఎత్తుతాను.

అలివేలు